నర్సు చేతుల కోసం పుట్టిన గ్లౌజు



పోయిన నెల మన వార్షికోత్సవం రోజు మా పెద్దమ్మాయి మండపం లోపలికి వచ్చి, రెండు నిమిషాలు కూడా కూర్చోకుండా బయటికి వెళ్ళిపోయింది. ఆకు వేసి పిలిచినా రాలేదు. గేటు పక్కన వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని, మేము తిని వచ్చేదాకా అక్కడే ఉండింది. మర్నాడు నాకు నాలుగు ఫోన్లు వచ్చినాయి. "ఏమన్నా, మీ అమ్మాయికి మా మీద కోపమా?" అని ఒకరు. "పెద్ద ఆసుపత్రిలో పని చేసి వచ్చింది కదా, మన బంతి భోజనం దిగదులే" అని ఇంకొకరు. ఫోన్ చేయనివాళ్ళు పొగరు అన్నారని కూడా నా చెవిన పడింది.

కోపమూ లేదు, పొగరూ లేదు. ఆ రోజు వేదికకు, స్తంభాలకు, వాకిలి తోరణానికి కలిపి రెండు మూడు వందల బెలూన్లు కట్టి ఉండినారు. వడ్డించే పిల్లలు తెల్లటి గ్లౌజులు వేసుకొని, ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య వాటిని టప్పుమని లాగి విదిలిస్తా ఉండినారు. ఆ రెండూ కారణం. బెలూను, గ్లౌజు రెండూ ఒకే చెట్టు పాలతో చేసేవి. ఆ పాలు మా అమ్మాయి ఒంటికి పడవు. పడవు అంటే ఏందో చెప్పడానికే ఇదంతా రాస్తా ఉన్నాను.

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఇంట్లో తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు. రిటైరు కావడానికి ఐదేండ్ల ముందు మన సంఘం ఆదివారం క్లాసులో మూడో తరగతి పిలకాయల పక్కన కూర్చొని అఆలు దిద్దినాను. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. ఇన్నాళ్ళూ స్టేషన్ల కథలు, మీటర్ గేజి కథలు రాసినాను. ఈసారి రబ్బరు కథ. పొడుగుగానే ఉంటుంది, కాఫీ పెట్టుకొని కూర్చోండి.

తమిళంలో దీన్ని ఒవ్వామై అంటారు. మన ఇండ్లలో "పడదు" అంటాము. వంకాయ పడదు, చల్లగాలి పడదు, అత్తకు కోడలు పడదు. అన్నిటికీ అదే మాట. అందుకే ఎవరన్నా "నాకు ఇది పడదు" అంటే మనం పెద్దగా పట్టించుకోము. కొంచెం దురద, రెండు తుమ్ములు, అంతే అనుకొంటాము. నేనూ అట్లే అనుకొన్నాను.

అమ్మాయి నర్సింగ్ ముగించి 2004లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. రెండేండ్లకు చేతులు ఎర్రబడి పగలడం మొదలయింది. పైనున్న సిస్టర్ "సబ్బు పడలేదు, మార్చు" అన్నది. నేను కూడా అదే అన్నాను. ఇంట్లో వాళ్ళమ్మ రోజూ రాత్రి కొబ్బరినూనె రాసేది. పొద్దున కూడా నూనె చేతులతోనే గ్లౌజు వేసుకొని పోయి పని చేసేది. నూనె తగిలితే గ్లౌజు పొర దెబ్బతిని లోపలి సరుకు చర్మానికి ఇంకా ఎక్కువ అంటుతుందని మాకు తెలిసింది ఎంతో ఆలస్యంగా. మంచికని చేసినదే చెడు చేసింది. తరువాత పక్క మంచం దగ్గర ఎవరో గ్లౌజు తీస్తే చాలు, ఈమెకు తుమ్ములు, కండ్లల్లో నీళ్ళు. ఆ తరువాత అరటిపండు తింటే పెదవులు దురద. అరటిపండుకూ ఆసుపత్రికీ ఏం సంబంధమని ఎవరికి తోస్తుంది? మేము దిష్టి తీసినాము.

2011లో రెండో కానుపు. ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సి వచ్చింది. మొదలుపెట్టి అరగంట దాటినాక ఒళ్ళంతా దద్దుర్లు లేచి, రక్తపోటు పడిపోయి, ఊపిరి బిగుసుకుపోయింది. మత్తు డాక్టరు తెలివైనవాడు. రక్తం పోయి కాదు ఇది, వేరే ఏదో అని పట్టుకొని, అడ్రినలిన్ ఇచ్చి, అందరి చేతుల గ్లౌజులు మార్పించినాడు. బయట నిలబడిన మాకు తలుపు సందులోనుంచి మనుషులు పరిగెత్తడం మాత్రం కనిపించింది. తల్లీబిడ్డా బతికినారు. నెలలు గడిచినాక పరీక్ష చేసి, రబ్బరు పాలలోని ప్రొటీను ఈమెకు పడదు, జీవితాంతం జాగ్రత్తగా ఉండాలి అని కాగితం రాసిచ్చినారు. ఆ కాగితం పట్టుకొని పోయి పాలు లేని గ్లౌజులు ఇప్పించమని పని చేసే చోట అడిగితే, ఒక్కదాని కోసం కొనలేము అన్నారు. ఏడేండ్ల సర్వీసు వదిలి వచ్చేసింది.

అప్పుడు నాకు రోషం వచ్చి, ఈ రబ్బరు సంగతి ఏందో చూద్దామని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టినాను. చూస్తే, ఆ చెట్టు మా ఇంటికి కొత్తది కానే కాదు.

మా తాతకు అన్న ఒకాయన 1927లో కంగాణి వెంట మలయాకు పోయినాడు. కంగాణి అంటే తోటలో కూలీల మేస్త్రి. దొర ఇచ్చిన కాగితం పట్టుకొని తన ఊరికే వచ్చి, తనకు తెలిసిన మనుషులనే పిలుచుకొని పోతాడు. మద్రాసు పక్కన ఆవడిలో ఒకటి, నాగపట్నంలో ఒకటి కూలీల క్యాంపులు ఉండేవి. మా పెదతాత నాగపట్నం క్యాంపులో ఉండి, రాజులా కప్పలు ఎక్కినాడు. (కప్పల్ అని తమిళం. ఓడ అని రాయాలి, తెలుసు. ఇంట్లో కప్పలు అనే అనేవాళ్ళు.) డెక్కు మీద చాప పరచుకొని పండుకొని పినాంగులో దిగినాడట. మన తమిళనాడు తెలుగువాళ్ళే కాదు, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచి పోయినవాళ్ళు కూడా ఆ తోటల్లో ఉండినారు. ఇప్పటికీ మలేషియాలో తెలుగు సంఘం ఉందంటే వాళ్ళ మనమలు, ముని మనమలు నడిపేదే.

తోటలో పని తెల్లవారక ముందే. రబ్బరు చెట్టు పట్టను కత్తితో పలచగా, ఏటవాలుగా గీయాలి. లోతుగా దిగితే చెట్టు చస్తుంది, పైపైన గీస్తే పాలు రావు. గీత చివర చిప్ప కడతారు. చల్లటి వేళలో పాలు బాగా దిగుతాయి, ఎండ ఎక్కేకొద్దీ గడ్డకట్టి గీత మూసుకుపోతుంది. అందుకని నాలుగైదు గంటలకే లేచి వందల చెట్లు గీసి, మళ్ళీ అదే దారిలో బకెట్టు పట్టుకొని పాలు పోగు చేయాలి. మలయా తమిళులు ఆ చెట్టును పాల్‌మరం అనే అంటారు. అఖిలన్ రాసిన 'పాల్‌మరక్ కాట్టినిలే' నవల మీలో తమిళం చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది. పెదతాత పంపిన మనియార్డర్లతో మా తాత రెండెకరాల మెట్ట కొన్నాడు. ఆ మెట్ట అమ్మి మా నాయన నన్ను ఎస్సెస్సెల్సీ దాకా చదివించినాడు. ఆ చదువుతోనే నాకు రైలు ఉద్యోగం. ఆ జీతంతోనే అమ్మాయికి నర్సింగ్. లెక్క పెట్టి చూస్తే మేమంతా ఆ చెట్టు పాలు తాగినవాళ్ళమే.

ఆ చెట్టు మలయాది కూడా కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవిది. అక్కడి మనుషులు ఆ పాలతో బంతులు, నీళ్ళు దిగని సామాన్లు చేసుకొనేవాళ్ళు. ఫ్రెంచి వాడు లా కొండమిన్ 1730లలో అక్కడికి పోయి చూసి, పారిస్‌కు నమూనా పంపినాడు. 1770లో ఇంగ్లాండులో ప్రీస్ట్‌లీ ఇది పెన్సిలు గీతను చెరిపేస్తుందని రాసినాడు. రుద్దేది కాబట్టి రబ్బరు అయింది. ఇంత పెద్ద వ్యాపారానికి పేరు పెట్టింది పిలకాయల లబ్బరు ముక్క. అయితే ఎండకు జిగురు, చలికి పెళుసు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేస్తే ఆ రోగం పోతుందని కనిపెట్టినాడు. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషు దొర బ్రెజిల్ నుంచి డెబ్బై వేల గింజలు ఓడలో లండన్ క్యూ తోటకు చేర్చినాడు. వందకు నాలుగైనా మొలకెత్తలేదు. ఆ మొలకల్లో ఎక్కువ భాగం సిలోనుకు పోయినాయి. మరుసటి సంవత్సరం 22 మొక్కలు సింగపూరు చేరినాయి. అక్కడి తోట దొర రిడ్లీ, చెట్టును చంపకుండా మళ్ళీ మళ్ళీ గీసి పాలు తీసే పద్ధతిని సరిచేసి, కనిపించిన తోట యజమానులందరికీ గింజలు అంటగట్టేవాడట. పిచ్చి రిడ్లీ అని పేరు పెట్టినారు. మోటారు కార్లు వచ్చి టైర్లకు గిరాకీ పుట్టగానే ఆ పిచ్చే లక్షల ఎకరాలయింది. మా పెదతాత గీసిన చెట్లు ఆ వంశమే. మనకు దగ్గరలో కన్యాకుమారి జిల్లా కులశేఖరం వైపు పోతే చూడవచ్చు, అవీ ఆ జాతివే.

ఇప్పుడు గ్లౌజు సంగతి.

అమెరికాలో బాల్టిమోర్ ఊళ్ళో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. 1889–90 చలికాలం. సర్జన్ హాల్‌స్టెడ్ దగ్గర ఆపరేషన్ థియేటరు నర్సు కారొలిన్ హాంప్టన్. ఆ రోజుల్లో క్రిములు చావాలని చేతులను పాదరసం కలిసిన మందులో కడుక్కొనేవాళ్ళు. ఆమె చేతులు ఆ మందుకు పుండ్లు పడినాయి. పని మానేసేటట్టు అయింది. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీవాళ్ళకు రాసి, పలచటి రబ్బరు గ్లౌజులు రెండు జతలు చేయించినాడు. రోగి కోసం కాదు, క్రిముల కోసం కాదు, ఒక నర్సు చర్మం కోసం. బాగున్నాయని ఇంకా చేయించినారు, మిగిలినవాళ్ళూ వేసుకోవడం మొదలుపెట్టినారు. రోగికి చీము పట్టడం తగ్గిందని తరువాతనే గమనించినారు. 1890లో వాళ్ళిద్దరూ పెండ్లి చేసుకొన్నారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక నర్సు చేయి పగిలితే ఆమె కోసం కొత్త వస్తువునే పుట్టించినారు. నూటిరవై ఏండ్లకు ఆ వస్తువు వలన ఇంకో నర్సు చేయి పగిలితే, ఒక్కదాని కోసం కొనలేము అన్నారు. అమ్మాయికి చెప్తే, "ఆమెను డాక్టరు పెండ్లి చేసుకోవాలనుకొన్నాడు నాయనా, నన్ను ఎవరు చేసుకోవాలనుకొన్నారు?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రబ్బరు పాలు కొందరికి పడవనే సంగతి ఎప్పుడు తెలిసింది అని వెతికితే ఇంకో వింత. 1927లోనే జర్మనీలో ఒక డాక్టరు రాసినాడు, పండ్ల సెట్టులోని రబ్బరు వలన ఒళ్ళంతా దద్దుర్లు వచ్చిన రోగి గురించి. మా పెదతాత నాగపట్నంలో ఓడ ఎక్కిన సంవత్సరమే అది. ఆ తరువాత యాభై ఏండ్లు దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. 1979లో ఇంగ్లాండులో నటర్ అనే చర్మ డాక్టరు ఒక గృహిణి కేసు రాసినాడు. ఇంటి పనికి రబ్బరు గ్లౌజు వేసుకొంటే నిమిషాల్లో దద్దుర్లు. అక్కడి నుంచే మళ్ళీ కదలిక. 1980లలో ఫిన్లాండ్ డాక్టర్లు ఆసుపత్రి మనుషులను వరసగా పరీక్ష చేసి, ఇది అరుదైన జబ్బు కాదని చూపించినారు.

యాభై ఏండ్ల మౌనానికి కారణాలు ఉండొచ్చు. ఆ కాలంలో గ్లౌజు కడిగి, ఉడకబెట్టి, మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళు. కడిగేకొద్దీ ప్రొటీను పోతుంది. వాడకమూ తక్కువే. ఒకసారి వాడి పారేసే గ్లౌజు 1960లలో వచ్చింది. నాకు తోచేది ఇంకొకటి కూడా ఉంది. చేయి దురద పెడుతుందని చెప్పిందెవరు? నర్సులు, ఆయాలు, గిన్నెలు తోమే ఆడవాళ్ళు. "సబ్బు మార్చు" అని చెప్పి పంపేసి ఉంటారు. నేను నా కూతురికి చెప్పలేదా?

తరువాత ఎయిడ్స్ వచ్చింది. 1987లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖవాళ్ళు ఒక నియమం చెప్పినారు. ఏ రోగి రక్తమైనా సరే, జబ్బు ఉన్నట్టే అనుకొని గ్లౌజు వేసుకొని ముట్టుకోండి అని. మంచి నియమం, ఎందరి ప్రాణాలో కాపాడింది. కానీ ఉన్నట్టుండి కోట్ల గ్లౌజులు కావాల్సి వచ్చినాయి. ఇక్కడ గ్లౌజు ఎట్లా చేస్తారో తెలిస్తేనే సంగతి అర్థమవుతుంది. టైరుకు పోయే పాలను పుల్లటి మందు పోసి పెరుగు తోడేసినట్టు గడ్డకట్టించి, రేకులుగా ఒత్తి, ఎండబెట్టి పంపుతారు. గ్లౌజుకు, బెలూనుకు గడ్డకట్టకూడదు. అమ్మోనియా కలిపి, పాలుగానే ఉంచి, మజ్జిగ చిలికినట్టు యంత్రంలో తిప్పి చిక్కబరుస్తారు. పింగాణీ చేతులను ఆ పాలల్లో ముంచి తీస్తే పొర అంటుకొంటుంది. దాన్ని వేడినీళ్ళల్లో బాగా నానబెట్టి కడగాలి. కడిగితేనే చెట్టు ప్రొటీను బయటికి పోతుంది. గిరాకీ తొందరలో కడుగుడు తగ్గిందని, ప్రొటీను ఎక్కువ ఉన్న సరుకు మార్కెట్టుకు వచ్చిందని చాలామంది నిపుణులు చెబుతారు. పార్సెల్ ఆఫీసులో పండగ రద్దీ రోజున మేము చీటీలు సరిగా అంటించామా అని అడిగితే నేనేం చెప్తాను? అట్లాంటిదే అనుకొంటాను.

దాని మీద పొడి. గ్లౌజు చేతికి సులభంగా ఎక్కాలని లోపల మొక్కజొన్న పిండి చల్లేవాళ్ళు. ఆ పిండి ప్రొటీనును పీల్చుకొంటుంది. గ్లౌజు టప్పుమని లాగితే ఆ పిండి గాలిలో లేస్తుంది. ముట్టుకోనివాళ్ళ ముక్కులోకి కూడా పోతుంది. మా అమ్మాయి పక్క మంచం దగ్గర తుమ్మింది అందుకే. మొన్న మండపంలో లేచి పోయిందీ అందుకే. బెలూను లోపల కూడా అట్లాంటి పొడి ఉంటుంది. అది పగిలితే మనకు శబ్దం, ఆమెకు ఊపిరి.

1991లో అమెరికా మందుల శాఖ ఆసుపత్రులన్నిటికీ హెచ్చరిక పంపింది. ఎక్స్‌రే పరీక్షలో వాడే రబ్బరు గొట్టం వలన కొందరు చనిపోయిన తరువాత. వెన్నుపూస మూసుకోకుండా పుట్టి, చిన్నప్పటి నుంచి ఎన్నో ఆపరేషన్లు పడిన పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువని కూడా ఆ కాలంలోనే తెలిసింది. 1997లో అక్కడి కార్మిక ఆరోగ్య సంస్థ, గ్లౌజులతో పని చేసే ఆసుపత్రి మనుషుల్లో నూటికి 8 నుంచి 12 మందికి ఇది ఉందని ప్రకటించింది. జర్మనీ 1998 నాటికే పొడి ఉన్న రబ్బరు గ్లౌజులను ఆసుపత్రుల్లో ఆపింది, కొత్త కేసులు బాగా తగ్గినాయి. అమెరికా ఆపింది 2017 జనవరిలో. మా వీధి మందుల షాపులో ఈ వారం అడిగి చూసినాను. పొడి ఉన్న డబ్బానే తీసి ఇచ్చినాడు.

విరుగుడు కూడా రబ్బరు చరిత్రలోనే ఉంది. 1942లో జపాన్‌వాళ్ళు మలయాను పట్టుకోగానే అమెరికాకు చెట్టు రబ్బరు ఆగిపోయింది. యుద్ధం గెలవాలంటే టైర్లు కావాలి. కోట్లు పోసి పెట్రోలియం నుంచి కృత్రిమ రబ్బరు చేసే ఫ్యాక్టరీలు లేపినారు. అట్లాంటి రకాల్లో నైట్రైల్ అనేది జర్మనీలో 1930లలోనే పుట్టింది, 1990లలో గ్లౌజుగా వచ్చింది. మీరు కోవిడ్ సమయంలో చూసిన నీలం గ్లౌజులు అవే. వాటిలో చెట్టు పాలు లేవు. (అదే 1942–43లో జపాన్‌వాళ్ళు మలయా తోటల కూలీలను లారీల్లో ఎక్కించి సయాం–బర్మా రైలు వేయడానికి తీసుకొని పోయినారు. 415 కిలోమీటర్లు. పెదతాత ఉన్న లైను ఇంటి నుంచి ఇద్దరు పోయి తిరిగి రాలేదు. రైల్వేలో బతికినవాణ్ణి, ఆ రైలు గురించి వేరేగా రాస్తాను.)

ఇంట్లో ఎట్లా బతుకుతున్నామో చెప్తాను. మొదట నేనే నేరస్థుణ్ణి. బుకింగ్ ఆఫీసులో నోట్ల కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేసి వేసి, జేబులో ఎప్పుడూ పది బ్యాండ్లు ఉండడం నాకు అలవాటు. ఇంట్లో పప్పు పొట్లానికి, కరెంటు బిల్లులకు, కరివేపాకు కట్టకు, అన్నిటికీ బ్యాండే. అమ్మాయి పుట్టింటికి వస్తే వంటింట్లో చేతులు దద్దురు పెట్టేది. ఒక ఆదివారం కూర్చొని అన్నీ ఏరితే చిన్న బకెట్టు నిండింది. ఇప్పుడు నూలు దారం, బట్టల క్లిప్పులు. హోటలు నుంచి సాంబారు పార్సెల్ వస్తే బ్యాండు నేను బయటే తీసేసి చేతులు కడుక్కొని లోపలికి తెస్తాను.

అన్ని రబ్బరుకూ భయపడనక్కరలేదు అని డాక్టరమ్మ చెప్పింది. గట్టిగా అచ్చు పోసిన టైరు, కుక్కరు గాస్కెట్టు, చెప్పు అడుగు, వీటిలో ప్రొటీను చాలావరకు చచ్చి ఉంటుంది. పలచగా, మెత్తగా, సాగేవే ముప్పు: గ్లౌజు, బెలూను, నిరోధ్, రక్తం తీసేటప్పుడు దండకు కట్టే గొట్టం, మూత్రం గొట్టం, పాలసీసా పీక, కొన్ని ప్లాస్టర్లు. సిలికోన్ పూసిన గొట్టం అంటే లోపల లేటెక్సే ఉండొచ్చు, అంతా సిలికోన్ అని రాసి ఉందా చూడాలి. ఇంకొక రకం కూడా ఉంది. రబ్బరులో కలిపే మందుల వలన ఒకటి రెండు రోజుల తరువాత, తగిలిన చోట మాత్రమే వచ్చే గజ్జి లాంటిది. అది బాధ పెడుతుంది గానీ ప్రాణం తీయదు. నిమిషాల్లో వచ్చేదే ప్రమాదం. మీలో ఎవరికన్నా బెలూను ఊదితే పెదవులు వాచడం, పండ్ల డాక్టరు గ్లౌజు వేలు నోట్లో పెడితే దురద పుట్టడం జరిగి ఉంటే, నన్ను అడగవద్దు, అలర్జీ డాక్టరుకు చూపించుకోండి.

అరటిపండు సంగతి కూడా తేలింది. రబ్బరు పాలలోని ప్రొటీనుకు, అరటి, అవకాడో, కివీ, చెస్ట్‌నట్ లాంటి వాటిలోని ప్రొటీనుకు పోలిక ఉంది. ఒళ్ళు దాన్ని చూసి ఇదనుకొని పొరబడుతుంది. 1994లో స్పెయిన్ డాక్టర్లు దీనికి పేరు పెట్టినారు. రబ్బరు పడనివాళ్ళందరికీ పండ్లు పడవని కాదు, కొందరికే. మా అమ్మాయికి అరటి, బొప్పాయి రెండూ పోయినాయి. తాంబూలంలో అరటిపండు ఇస్తే ఆమె పక్కన పెట్టిందని మీ ఇండ్లల్లో కూడా ఎవరన్నా బాధపడి ఉంటే, ఇదే సంగతి.

ఆసుపత్రికి పోవాల్సి వస్తే చేతికి పట్టీ, సంచిలో కాగితం, నైట్రైల్ గ్లౌజులు ఒక డబ్బా ఆమె వెంటే ఉంటాయి. ఆపరేషన్ ఏదన్నా ఉంటే ఆ రోజు మొదటి కేసుగా పెట్టమని అడగాలి, రాత్రంతా థియేటరు గాలిలోని పొడి దిగి ఉంటుంది కాబట్టి. అడ్రినలిన్ సూది డాక్టరు నేర్పినట్టు మా అల్లుడికి, నాకు కూడా వేయడం తెలుసు. ఊపిరి బిగుసుకొంటే అలర్జీ మాత్ర మింగించి చూద్దామని కూర్చోకూడదు. సూది వేసి 108కి ఫోన్ చేయాలి. ఆమె ఇప్పుడు ఒక చిన్న షుగరు క్లినిక్కులో పని చేస్తుంది. అక్కడ డాక్టరమ్మ అడగకుండానే గ్లౌజులన్నీ నీలం రకానికి మార్చేసింది. ఒక్కదాని కోసమే మార్చింది.

మనవడికి ఇప్పుడు బెలూన్లతో ఆడే వయసు దాటిపోయింది. వాడి ఏ పుట్టినరోజుకూ ఇంట్లో బెలూను కట్టలేదు. వాడు అడగనూ లేదు. వార్షికోత్సవం రోజు వాళ్ళమ్మ పక్కన వేపచెట్టు కింద కూర్చొని తన ఆకు అక్కడికే తెచ్చుకొని తిన్నాడు, తినే ముందు చేతులు రెండుసార్లు కడుక్కొని.

సంఘానికి నా మనవి రెండే. ఉగాదికి మండపంలో బెలూన్లు వద్దు. వంటవాళ్ళతో ముందే మాట్లాడదాము. గరిటెతో వడ్డించే చోట గ్లౌజు అవసరమే లేదు, కావాలంటే నీలం రకం పొడి లేనివి నేనే కొనిస్తాను, ఖర్చు సంఘానికి వద్దు. కార్యదర్శి గారితో మాట్లాడినాను, సరే అన్నారు. తోరణాలకు రంగు కాగితాలు, మామిడాకులు, నూలు దారం తెచ్చి పెడతాను. పండగకు ముందు రోజు సాయంత్రం ఐదు గంటలకు పిలకాయలను మా ఇంటికి పంపండి, కత్తెరలు వాళ్ళవే తెచ్చుకోమనండి. మా అమ్మాయి కూడా ఉంటుంది, కాగితం పూలు మడవడం ఆమెకు బాగా వచ్చు.